బోరు కాడ మావాడు

పోయినేడు మేం డాలస్ నుంచి నల్లగొండ చేరేసరికి రోహిణి కార్తె నడుస్తోంది. మా ఊళ్లో బత్తాయి తోటకు బోరు మోటారు వేశారంటే చాలు, మా అన్న పిల్లలు నిక్కర్లతో పైపు కింద చేరతారు. మావాడికీ చిన్నప్పటి నుంచి ఊరంటే ఆ పైపే. ఈసారి మాత్రం గట్టు మీద నిలబడ్డాడు. చొక్కా కూడా విప్పలేదు.

"పోరడు నీళ్లల్లకు దిగుతలేడేందిరా? పానం బాగలేదా?" అన్నాడు మా నాయిన.

కారణం నాకు తెలుసు. కానీ మా నాయినకు ఆ సంగతి ఏ మాటలతో చెప్పాలో తెలియలేదు.

అంతకు రెండు నెలల ముందు, స్కూల్లో ఆటలకు కావలసిన మెడికల్ చెకప్‌కు వాణ్ని తీసుకెళ్లాం. వాడికి పద్నాలుగేళ్లు. డాక్టర్ కాసేపు మాట్లాడి, "ఇక మీరిద్దరూ బయట కూర్చోండి" అన్నాడు. మా ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. కన్నతల్లిని బయటకు పంపడమేంటని ఇంటికొచ్చాక కూడా బాధపడింది. తర్వాత ఆ డాక్టర్ మమ్మల్ని లోపలికి పిలిచి, ముందు మావాడి వైపు తిరిగి "మీ అమ్మానాన్నలకు చెప్పనా?" అని అడిగాడు. వాడు తలూపాకే మాకు చెప్పాడు. ఎడమ వృషణం పైన సిరలు ఉబ్బాయి, దీన్ని వేరికోసీల్ అంటారు, వంద మంది మగపిల్లల్లో సుమారు పదిహేను మందికి ఉంటుంది అని.

నాకు తెలిసిందల్లా వరిబీజం. అది నీరు చేరడం, ఇది వేరు. కాళ్లలో నరాలు ఉబ్బినట్టే ఇక్కడా ఉబ్బుతాయి. వాణ్ని నిలబెట్టి, ముక్కమని చూశారు. తర్వాత పడుకోబెట్టి చూశారు. పడుకున్నప్పుడు ఉబ్బు తగ్గితే మామూలే. తగ్గకపోయినా, కుడివైపు మాత్రమే వచ్చినా, ఉన్నట్టుండి వచ్చినా, పొట్టలో ఏదైనా ఆ సిరను నొక్కుతోందేమోనని స్కానింగ్ చేయిస్తారు. మావాడికి ఆ అవసరం రాలేదు.

డాక్టర్ చేతిలో జపమాల లాంటిదొకటి ఉంది. చిన్న నుంచి పెద్ద దాకా కోడిగుడ్డు ఆకారపు పూసలు, ఒక్కోదాని మీద ఇన్ని మిల్లీలీటర్లని అంకె. వృషణం సైజు దానితో పోల్చి రాసుకున్నాడు. స్కానింగ్‌లో కొలత ఇంకా కచ్చితంగా వస్తుంది. ఎడమది కుడిదానికంటే 20 శాతానికి మించి చిన్నగా ఉండి, మళ్లీ కొలిచినప్పుడూ అలాగే ఉంటేనో, నొప్పి వదలకపోతేనో ఆపరేషన్ మాట ఎత్తుతారట. ఈ వయసులో రెండువైపులా ఒకేలా పెరగవు, అందుకే ఒక్క కొలతతో తేల్చరు. ఏడాదికోసారి చూపిస్తే చాలు, ఆటలు మానక్కర్లేదు అన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. తప్పు మా దగ్గర జరిగింది. టెన్షన్ పట్టలేక మా ఆవిడ వాళ్లమ్మకు ఫోన్లో చెప్పింది, నేను మా అన్నకు చెప్పాను. మేం ఊళ్లో దిగేసరికి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఒక్క మా నాయినకు తప్ప. "హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకునే పోండి, రేపు పిల్లనెవరిస్తరు?" అని ఒక పెద్దాయన వాడి ముందే అనేశాడు. ఇది ఉన్న మగవాళ్లలో చాలామందికి పిల్లలు మామూలుగానే పుడతారు. ఆపరేషన్ అంటే మైక్రోస్కోపు కింద ఉబ్బిన సిరలను కట్టివేయడం. దాని తర్వాత కొందరికి నీరు చేరుతుంది, కొందరికి ఉబ్బు మళ్లీ వస్తుంది. తొందరపడి చేయించేది కాదు. ఇవన్నీ ఆయనకు చెప్పాను. కానీ మావాడి ముఖం చూశాక, నేను మాట్లాడాల్సింది ఆయనతో కాదనిపించింది. డాక్టర్ వాడి అనుమతి అడిగాడు. కన్నవాళ్లం, మేం అడగలేదు.

ఆ రాత్రి డాబా మీద వాడి పక్కన పడుకుని ఆ మాటే చెప్పాను, తప్పయిందన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను. ఎప్పుడైనా అక్కడ ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే అది ఇది కాదు, వృషణం మెలిపడి ఉండొచ్చు. అర్ధరాత్రయినా నన్ను లేపాలి. ఆరు గంటల్లోపు ఆసుపత్రికి చేరితేనే అది దక్కే అవకాశం ఎక్కువ. సిగ్గుతో తెల్లారేదాకా ఆగొద్దు. వాడు చాలాసేపు పలకలేదు. "తాతకు నేనే చెప్తా" అన్నాడు చివరికి.

మర్నాడు మోటారు కొట్టం దగ్గర చెప్పాడు, వాడికొచ్చిన తెలుగులో. "తాతా, బ్లడ్ పైకి పోవాలి. వాల్వ్ పాడైంది. మళ్లీ కిందికొస్తుంది."

మా నాయిన లోపలికెళ్లి, పాత బాయి మోటారుకు వాడిన ఫుట్‌వాల్వు తెచ్చాడు. తుప్పుపట్టి ఉంది. లోపలి తోలుబిళ్లను వేలితో ఎత్తి చూపించాడు. "నీళ్లు పైకి పోతప్పుడు ఇది లేస్తది. బంద్ జేస్తే మూసుకుంటది. తోలు అరిగిందంటే నీళ్లు మళ్ల బాయిలకే. గిట్లనేనా బిడ్డా?"

"యెస్! ఇట్లనే."

"మరి ఎడమదిక్కే ఎందుకొచ్చింది?"

వాడు పుల్లతో మట్టిలో గీశాడు. కుడి సిర ఏటవాలుగా పెద్ద సిరలో కలుస్తుంది. ఎడమది ఇంకా పొడుగు, పైదాకా వెళ్లి కిడ్నీ సిరలో అడ్డంగా కలుస్తుంది.

"టీ జాయింటు" అన్నాడు మా నాయిన ఆ గీత చూస్తూ. ఆయన అడిగింది ఇంకొక్కటే, "నొస్తుందా?" అని. ఎక్కువసేపు నిలబడితే కొంచెం బరువుగా ఉంటుందన్నాడు వాడు. నాకు ఆ సంగతి చెప్పలేదు.

సాయంత్రం మిగతా పిల్లలు ఇళ్లకు పోయాక మా నాయిన వాణ్ని తోటకు పిలుచుకుపోయాడు. నేను వెనకాల వెళ్లాను. ఆయన స్టార్టర్ నొక్కి, పైపుకు వీపు పెట్టి గట్టు మీద కూర్చుని, నన్నూ కూర్చోమని సైగ చేశాడు. వెనక నీళ్ల చప్పుడు మారింది.