నేను వెళ్ళని ఊరి స్టిక్కరు

ఆదివారం, రాత్రి పదిన్నర.

వేళ్ళకి నల్లరంగు ఇంకా వదల్లేదు. రాత్రి అన్నానికి కూర్చుంటే అమ్మ నా చెయ్యి చూసి, మాట్లాడకుండా స్పూను తెచ్చి కంచం పక్కన పెట్టింది. అనాల్సింది పొద్దున్నే అనేసింది కదా: "ఉగాది వారంలోకొచ్చింది, ఇల్లు దులపరా అంటే పెట్టెలు దులుపుతున్నావు."

పెట్టెలంటే బండి పెట్టెలు. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ మోటార్‌సైకిల్‌కి వెనక రెండు పక్కలా తగిలించే గట్టి ప్లాస్టిక్ సైడ్ బాక్సులు, ఒక్కోటి 22 లీటర్లు. పోయిన నెల, బండి అమ్మేసుకున్న ఒకాయన దగ్గర కొన్నాను. స్టాండుతో కలిపి జత 7,500. నడుం నొప్పట, డాక్టరు ఇక బండి జోలికి పోవద్దన్నాడట. డబ్బులు తీసుకున్నాక కూడా గేటు దాకా వచ్చాడు. ఎడమ పెట్టె మూత ఒకసారి తెరిచి, మూసి, "దీన్ని కొంచెం పైకెత్తి నొక్కాలి" అని చూపించి, ఇంకేమీ అనకుండా లోపలికెళ్ళిపోయాడు.

నాకు పెట్టెలెందుకంటే, పోయిన ఏడాది వానల్లో మార్కాపురం అక్కావాళ్ళింటికి వెళ్తున్నప్పుడు సీటు వెనక తాళ్ళతో కట్టిన బ్యాగు దోర్నాల ఘాట్‌లో పక్కకి ఒరిగి, సైలెన్సరుకి తగిలి కాలింది. కాలినంత మేర కాలగా మిగిలింది తడిసింది. బావ పంచె కట్టుకుని రెండు రోజులు తిరిగాను. మా అమ్మాయి ఇప్పటికీ ఆ పంచె కట్టు నడక చేసి చూపిస్తుంది.

పెట్టెలకి పెద్ద రోగమేం లేదు. ఎండకి నలుపు పోయి బూడిద గుమ్మడికాయ రంగుకొచ్చాయి, వేలు రాస్తే తెల్లటి పొడి అంటుతోంది. కుడి పెట్టె కింది మూల బెత్తెడు పొడవున పగిలింది, ఎప్పుడో బండి ఆ పక్కకి పడ్డట్టుంది. తాళం తిరగనంది. రబ్బరు బీడింగు ఎండి కర్రయ్యింది. అన్నిటికన్నా ఎక్కువ పని పెట్టింది మాత్రం స్టిక్కర్లు. వాల్పరై 40 హెయిర్‌పిన్నులు, ధనుష్కోటి, లేహ్, ఇంకా ఏవేవో. ఎడమ మూత నడిమధ్య, అన్నం పళ్ళెం అంత గుండ్రటి స్టిక్కరు: ఖర్దూంగ్ లా (లేహ్ దగ్గరి ఎత్తైన కనుమ), 18,380 అడుగులు.

ఆ అంకె తప్పు. అక్కడ బోర్డు మీద చాలా ఏళ్ళు అదే ఉండేది, స్టిక్కర్లూ టీషర్టులూ దాన్నే ఎక్కించుకున్నాయి. తర్వాత సరిగ్గా కొలిస్తే 17,582 అని తేలింది. దగ్గర దగ్గర ఎనిమిది వందల అడుగులు కొసరన్నమాట. మనకెందుకులెండి, నా బండి ఎక్కిన పెద్ద ఎత్తల్లా లంబసింగి.

"నాన్నా, మనం ఇక్కడికి వెళ్ళామా?" అంది మా అమ్మాయి.

"లేదు."

"మరి ఉంచేస్తే? ఎవరికి తెలుస్తుంది?"

"బంకులో ఎవడో ఒకడు అడుగుతాడు, లేహ్‌లో చలెలా ఉంది అని. అప్పుడేం చెప్పను?"

"చల్లగా ఉంది అని చెప్పు."

దాని దగ్గర అన్నిటికీ ఇలాంటి జవాబే ఉంటుంది. నేను మాత్రం పీకడానికే నిశ్చయించుకున్నా. మా ఆవిడ హెయిర్ డ్రయ్యరుతో వేడి పెట్టి, పాత ఏటీఎం కార్డుతో అంచు లేపి, మెల్లగా లాగాను. స్టిక్కరు వచ్చింది కానీ జిగురు అక్కడే ఉండిపోయింది. థిన్నరు పోస్తే ప్లాస్టిక్కే కరుగుతుందని, అలమరలో కొబ్బరి నూనె కనిపిస్తే దాంతో రుద్దాను. జిగురు ఉండలు ఉండలుగా వచ్చేసింది. ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను ఆ పూటకి. (ఇదంతా వారం క్రితం మాట. ఆ తెలివికి ఫలితం ఇవాళ పొద్దున అనుభవించాను, వస్తున్నా అక్కడికే.)

రంగు నిలవాలంటే ముందు అది ఏ ప్లాస్టిక్కో తెలియాలి. బకెట్లు, కుర్చీలు చేసే పాలీప్రొపిలీన్ జాతైతే రంగుకి ముందు వేసే మామూలు ప్రైమరు పూత పొరలు పొరలుగా ఊడొస్తుంది, దానికి వేరే మందు కొట్టాలి. ఏబీఎస్ అనే ఇంకో రకం గట్టి ప్లాస్టిక్ అయితే ఇబ్బంది లేదు. తెలుసుకునే చిట్కా మా వీధి చివర కార్లకి రంగులేసే మిస్త్రీ చెప్పాడు. పెట్టె లోపలి అంచు నుంచి బ్లేడుతో గోరంత తురుము తీసి గ్లాసుడు నీళ్ళలో వెయ్యాలి. వేశాను. తేలింది. ప్రాణం ఉసూరుమంది. "వేలుతోటి ముంచు సార్, నీళ్ళ పొర మీద కూసుంది అది" అన్నాడు. ముంచి వదిలాను. ఒక క్షణం ఆగి, ఊగుకుంటూ అడుక్కి పోయి కూర్చుంది. మునిగితే ఏబీఎస్, తేలితే బకెట్ జాతి. పాలీప్రొపిలీన్ నీళ్ళకన్నా తేలిక, ఏబీఎస్ కాస్త బరువు, అంతే సంగతి. ఇంటికొచ్చి మూత లోపల టార్చి వేసి చూస్తే ఒక మూల ఏబీఎస్ అని అచ్చుపోసే ఉంది. అది ముందే చూడొచ్చు కదా అంటే, చూడొచ్చు.

ఏబీఎస్ అని తేలాక పగులు సంగతి సులువైంది. అదే ప్లాస్టిక్కుని అసిటోన్‌లో కరిగిస్తే గంజిలా అవుతుంది, దాన్ని పగుల్లో నింపితే ఆరాక అతుకూ పెట్టే ఒకటైపోతాయి. మరి నల్లటి ఏబీఎస్ ఎక్కడ? మా తోడల్లుడు అమెరికా నుంచి తెచ్చిన లెగో డబ్బాలో. లెగో ఇటుకలు 1963 నుంచీ ఏబీఎస్‌తోనే చేస్తున్నారు. ఆరు నల్ల ఇటుకలకి మా అమ్మాయితో బేరం కుదరడానికి అరగంట పట్టింది, చివరికి రెండు పుల్ల ఐసులకి తెగింది. మొదట యూజ్ అండ్ త్రో గ్లాసులో పోశాను. ఇటుకల కంటే ముందు గ్లాసు అడుగే కరిగి, అసిటోనంతా గట్టు మీద పారింది. తర్వాత గాజు సీసాలో పోసి మూత పెట్టాను. తెల్లారేసరికి ఇటుకలు లేవు, కాటుక లాంటి చిక్కటి ముద్ద ఉంది. పగులు రెండు కొసలా సన్నటి బెజ్జం వేశాను, ఇంకా సాగకుండా. లోపల్నుంచి వలగుడ్డ ముక్క అడ్డం పెట్టి, ఐసు పుల్లతో ముద్ద పూశాను. రెండు రోజులు ఆరనిచ్చి 120 నంబరు సాండ్‌పేపరుతో అరగదీసి, ఇంకా నునుపు రకాలు 220, 400 దాకా వచ్చాను. ఇప్పుడు గోరుతో గీరినా అతుకెక్కడో దొరకదు. ఈ మొత్తం యవ్వారంలో నేను గొప్పగా చెప్పుకోదగ్గ పని ఇదొక్కటే.

తాళంలో నూనె పోయలేదు, దుమ్ము పట్టి మళ్ళీ బిగుసుకుంటుందని. పెన్సిల్ ములుకు పొడి చేసి ఊదాను, నాలుగు తిప్పులకి దారికొచ్చింది. బీడింగు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో మీటరు లెక్కన దొరికింది. లోపల దినపత్రిక పరిచి, మూత వేసి, పైన పైపు వదిలి చూశాను. సినిమా పేజీ మూల కొంచెం చెమ్మగిల్లింది, మిగతాదంతా పొడి. చాలు.

ఇక ఇవాళ. ఆరున్నరకే డాబా ఎక్కాను. మార్చిలో మన ఊళ్ళో రంగు కొట్టడానికి ఏడు నుంచి తొమ్మిదే మంచి వేళ. గాలి ఉండదు, ఎండ ముదరదు. నిన్ననే ప్రైమరు కొట్టి, 600 వాటర్ పేపరుతో నునుపు చేసి ఉంచాను. స్ప్రే డబ్బాని రెండు నిమిషాలు ఊపాను, లోపల గోలీ టకటకా కొట్టుకునేలా. జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, పెట్టె అంచు దాటాకే మీట వదులుతూ. కుడి పెట్టె మీద మొదటి కోటు పల్చగా మంచులా పడింది. బాగుందే అనుకుని ఎడమదాని మూత మీదకొచ్చాను.

రంగు పడింది. పడ్డ చోట ఒక నిమిషం నిలిచింది. తర్వాత నా కళ్ళ ముందే జరగడం మొదలెట్టింది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, ప్రతి చుక్క చుట్టూ రంగు వెనక్కి తగ్గి ఆవగింజంత గుంట. పది, ఇరవై, యాభై. అమ్మవారు పోసినట్టు మచ్చలు. అవన్నీ కలిపి చూస్తే ఒక గుండ్రం. సరిగ్గా అన్నం పళ్ళెమంత. ఖర్దూంగ్ లా.

మూత పట్టుకుని మిస్త్రీ దగ్గరికి పరిగెత్తా. ఆదివారం కదా, షట్టరు సగం దించి చాయ్ తాగుతున్నాడు. మూతని ఒకసారి ఏటవాలుగా పట్టి చూశాడు.

"నూనె రాసినవా దీనికి?"

"జిగురు పోవడానికి... కొబ్బరి నూనె. సబ్బుతో కడిగా కదా తర్వాత."

"తలకు రాసుకునేది డబ్బాకు రాస్తివి. తామరాకు మీద నీళ్ళు నిలుస్తయా సార్? ఇదీ గంతే. ఒక్కసారి కడిగితే పోదది. రంగంత 400తోటి తీసెయ్. గిన్నెల సబ్బుతోటి మూడు సార్లు కడుగు, స్పిరిట్ గుడ్డతోటి తుడువు, తుడిచినంక చెయ్యి తగలనియ్యకు. మళ్ళ ప్రైమర్. ఇప్పుడైతే కొట్టకు. ఎండల కొడితే రంగు గాల్లనే ఆరి పొడి లెక్క పడ్తది. ఐదు దాటనియ్."

కావాలంటే ఇక్కడే వదిలెయ్, గన్నుతో కొట్టి రంగుని గట్టిపరిచే హార్డనరు కలిపిన క్లియరు పూత వేసిస్తా, 1,200 అన్నాడు. నాణ్యతలో నా డబ్బా రంగు దానికి దీటు రాదని నాకూ తెలుసు. కానీ ఇంత చేశాక ఆఖరి పని ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. నా రెండు ఫిల్టర్ల మాస్కు చూసి ఆయన నవ్వాడు. హార్డనరులో ఐసోసయనేట్లుంటాయి, ఒకసారి ఊపిరితిత్తులకి పడకపోతే జన్మంతా ఉబ్బసం. ఈయన ఇన్నేళ్ళుగా ముక్కుకి చేతిరుమాలు కట్టుకునే కొడుతున్నాడు. ఆ మాటే అన్నాను. "అలవాటైంది సార్" అన్నాడు. అలవాటయ్యేది కాదది. కొత్త మాస్కొకటి కొనిద్దామని ఉంది, తీసుకుంటాడో లేదో.

మధ్యాహ్నమంతా అరగదీత, కడుగుడు. మూడోసారి కడిగేటప్పుడు నీళ్ళు మూత మీద చుక్కలుగా చీలకుండా ఒక్క పొరలా పరుచుకుని జారాయి. అదీ గుర్తు. పనిలో పనిగా అమ్మ రెండు గదుల బూజు కూడా దులిపించింది నాతో.

ప్రైమరుకి సాయంత్రం దాకా ఆగితే చీకటి పడుతుందని, నాలుగింటికే మెట్ల కింద నీడలో కొట్టి ఆరబెట్టాను. ఐదున్నరకి డాబా మీద నలుపు మొదలెట్టాను. పదేసి నిమిషాల తేడాతో మూడు పల్చటి కోట్లు. ఈసారి నిలిచింది. మా అమ్మాయి ట్యాంకు పక్కన నిలబడి ఒక్కో కోటుకీ మార్కులు వేసింది: ఆరు, ఎనిమిది, "తొమ్మిదిన్నర, దోమ పడింది కాబట్టి". దోమ నిజమే, కుడి పెట్టె మీద కాళ్ళు చాపుకుని అతుక్కుపోయింది. ఆరాక తీయొచ్చు. తీస్తానో లేదో.

ఈ రకం పెట్టెలకి పెద్ద పేరున్న గివి కంపెనీని ఇటలీలో 1978లో పెట్టింది జుసెప్పె విసెంజి అనే మాజీ రేసరు. ఇంగ్లీషు అక్షరాల్లో పేరులోని మొదటి రెండూ (GI), ఇంటిపేరులోని మొదటి రెండూ (VI) కలిపితే కంపెనీ పేరు. ఒంటి మీద తోలు సూటు తప్ప ఇంకేమీ మోయకుండా బండి తోలిన మనిషికి జనం బట్టలు మోసే పెట్టెలు చేయాలని ఎందుకనిపించిందో! నా పెట్టె మూత లోపల చిన్న హెచ్చరిక కాగితం ఇంకా ఉంది: ఒక్కో పెట్టెలో 10 కిలోలకి మించొద్దు, వేగం 120 దాటొద్దు. రెండోదాని గురించి బెంగలేదు. మొదటిది అక్కకి ఎవరు చెప్పాలి? వచ్చేటప్పుడు కందిపప్పే పది కిలోలు కడుతుంది.

ఉగాదికి దారిలోని శ్రీశైలం కన్నడ భక్తులతో కిటకిటలాడుతుంది, అందుకని పండగ తర్వాత శనివారం అక్కావాళ్ళింటికి బయల్దేరతాం, నేనూ మా అమ్మాయీ. నల్లమల అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు పొద్దున ఆరింటికి గాని వదలరు. కాబట్టి ఇంట్లో మూడున్నరకి లేస్తే చాలు. ఇది నా లెక్క. మా ఆవిడ లెక్క వేరే ఉంది, అందులో బస్సుంది.

ఇందాక, అందరూ పడుకున్నాక, టార్చి పట్టుకుని మళ్ళీ డాబా ఎక్కాను. ఎదురుగా వెలుగు వేస్తే మూత నల్లగా, నున్నగా, కొత్తదే. టార్చిని పక్క నుంచి, మూతకి ఆనించినట్టు పట్టి చూశాను. సన్నటి గుండ్రటి గీత లేచింది. స్టిక్కరు కింద ఎండ తగలని చోట ప్లాస్టిక్కు అరగలేదు, చుట్టూ మాత్రం ఏళ్ళ తరబడి తరిగింది. వెంట్రుకవాసి మెట్టు. రెండు ప్రైమర్లు, మూడు కోట్లు పడ్డా అలాగే ఉంది. మళ్ళీ గీకాలా అని కాసేపు కూర్చుని ఆలోచించాను. పేపరు తీయబుద్ధి కాలేదు.

రంగు పూర్తిగా గట్టిపడలేదు, గోరు నొక్కితే ముద్ర పడుతోంది. అయినా ఆగలేక ఎడమ పెట్టెని కిందికి తెచ్చి, అంచులు మాత్రమే పట్టుకుని స్టాండుకి తగిలించాను. మూత వేస్తే పడలేదు. రెండోసారీ పడలేదు. కొంచెం పైకెత్తి నొక్కాను. టక్కుమంది.