మండ్లాలో ఒక చుక్క

మధ్యప్రదేశ్‌లోని జబల్పూరులో రైలు దిగి బస్సెక్కితే మండ్లా దాదాపు 100 కిలోమీటర్లు. ఊరిని నర్మద మూడు వైపులా చుట్టుకుని పారుతుంది. హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చింది చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా కోసం. 1922లో ఆయన పుట్టింది ఈ జిల్లాలోనే. నాన్నది అటవీ శాఖలో ఉద్యోగం.

పల్లెటూరి బడిలో ఆ పిల్లాడి మనసు ఒకచోట నిలిచేది కాదట. హెడ్‌మాస్టారు నందలాల్ ఝారియా గోడ మీద చుక్క పెట్టి, అన్నీ మరిచి దాన్నే చూడమన్నారు. బొమ్మ గీయడం కన్నా ముందు చూడడం నేర్పిన ఆ మాస్టారంటే నాకు రజా మీద ఉన్నంత గౌరవం. 1950లో ఫ్రాన్స్ వెళ్లిన రజా అక్కడ పెద్ద పేరే తెచ్చుకున్నారు. అయినా ఏదో వెలితి. 1970ల్లో పదేపదే మనదేశం వచ్చి తిరిగారు. చివరికి కాన్వాసు మీదికి వచ్చింది ఆ చుక్కే, బిందువు. చుట్టూ పంచభూతాల రంగులు.

నేనూ బొమ్మలు వేస్తాను. ఆ బిందువును ఎన్నిసార్లు కొలిచి గీసినా నాది ఉత్త నల్ల వృత్తంగానే మిగిలేది.

పొద్దున్నే ఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. అవతలి ఒడ్డున బంజర్ నది నర్మదలో కలుస్తోంది. మెట్టు మీద ఎవరో పెట్టి వెళ్లిన కుంకుమ బొట్టు. దాన్నే చూడడం మొదలుపెట్టాను. మోకాలి నొప్పి, తిరుగు టికెట్టు, ఇంట్లో సగంలో ఆగిన బొమ్మ, ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. నర్మద చుట్టూ కాలినడకన పరిక్రమ చేసేవాళ్లు 'నర్మదే హర్' అంటూ దాటిపోయారు. చాలాసేపటికి నీటి చప్పుడు విడిగా వినపడసాగింది. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. ముగ్గుకి చుక్కలు పెడుతున్నంతసేపూ అమ్మ మాట్లాడేది కాదు. నేనెప్పుడూ గీతలే చూశాను, ఆ మౌనాన్ని చూడలేదు.

సాయంత్రం రజా సమాధి దగ్గరికి వెళ్లాను. గుడికీ మసీదుకీ చర్చికీ ఒకే మనసుతో వెళ్లిన మనిషి. 2016లో ఢిల్లీలో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం ఇక్కడే తండ్రి పక్కన ఖననం చేశారు. స్కెచ్‌బుక్ తీయబుద్ధి కాలేదు.

మర్నాడు మళ్లీ అదే మెట్టు మీదికి వెళ్లాను. రాత్రి మంచుకి బొట్టు చెరిగిపోయింది. అది ఉన్న చోటునే చూస్తూ కూర్చున్నాను.