డిండి దగ్గర అల్లం చాయ్

నల్లగొండలో తెల్లవారక ముందే కారు తీశాం. నేను, మా బావ, వెనక సీట్లో అక్క. కార్తీకమాసంలో ఉమామహేశ్వరం పోవాలన్నది అక్క కోరిక. దారిలో మంచి చాయ్ ఎక్కడ దొరుకుతుందన్నది బావ టెన్షన్.

దేవరకొండ దాటి డిండి చేరేసరికి మంచు బాగా దిగింది. కృష్ణలో కలిసే డిండి వాగు మీద కట్టిన పాత ప్రాజెక్టు అక్కడుంది. కారు అద్దం దించితే చెవులు జివ్వుమన్నాయి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పొయ్యి మండుతోంది.

"పెద్దమ్మా, మూడు చాయ్. అల్లం జర ఎక్కువెయ్యి" అన్నాడు బావ, కారు పూర్తిగా ఆగకముందే.

ఆమె నీళ్లలో చాయపత్తి, చక్కెర, దంచిన అల్లం వేసి మరగనిచ్చింది. ఘాటు ముక్కుకు తగిలాకే పాలు పోసింది. పచ్చి అల్లాన్ని నేరుగా పాలల్లో వేస్తే ఒక్కోసారి విరిగిపోతాయి. మా ఇంట్లో ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కదు.

"పరగడుపున చాయ్ ఏందయ్యా, కడుపుల మంట లేస్తది" అంది అక్క.

"ఇది చాయ్ కాదే, కషాయం. జలుబు గిలుబు అన్నీ పోతయ్" అన్నాడు బావ.

జలుబు పోవడం ఉత్తమాటే గానీ, వేడివేడిగా తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. అల్లం వికారాన్ని తగ్గిస్తుంది కూడా. ముందున్నది ఘాట్ రోడ్డు, అక్కకేమో మలుపుల్లో కడుపు తిప్పుతుంది. అందుకే గుడిలో టిఫిన్ దొరికేదాకా ఆగకుండా ఆమె కూడా గ్లాసు అందుకుంది. నా మటుకు నాకు, రెండు చేతుల మధ్య ఆ గ్లాసు వేడి, కాళ్లు చాపుకుని కూర్చున్న పది నిమిషాలు చాలు. మందు పేరు పెట్టి తాగక్కర్లేదు.

ఉమామహేశ్వరాన్ని శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. గుడి పెద్ద కొండచరియ కింద ఉంటుంది కాబట్టి ఎండెక్కినా అక్కడ చల్లగానే ఉంది. జనం బాగానే ఉన్నారు. అక్క దీపాలు పెట్టింది, పాపనాశనం దగ్గర బండ సందులోంచి వచ్చే నీళ్లు నెత్తిన చల్లుకుంది.

పులిహోర తినగానే బావ మళ్లీ చాయ్ పాట ఎత్తుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. అక్కకు రక్తం తక్కువని డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. చాయ్‌లోని టానిన్లు తిండిలో ఉన్న ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. గంటైనా ఆగుదామన్నాను.

"గంట ఆగుడంటే మన్ననూరు పోయి తాగుదాం, బామ్మర్దీ" అన్నాడు.

మన్ననూరులో నల్లమల మొదలయ్యే చోట దొరికింది చాయ్ కాదు, రంగు వేసిన చక్కెర నీళ్లు. బావ మాత్రం బాగుందనే అన్నాడు. అక్క తన గ్లాసును అతని గ్లాసులోకి వంచేసి, రోడ్డు పక్క సీతాఫలాల బుట్టల దగ్గర బేరానికి దిగింది.