రాత ఒక పూట, చాటింపు ఒక పూట

హనుమకొండ చుట్టుపక్కల చెరువుల మీద నేను బ్లాగు రాస్తాను. కట్ట ఎవరు పోయించారు, తూము ఎక్కడుంది, శాసనంలో ఏముంది, ఆయకట్టులో ఎంత మిగిలింది, ఎంత ప్లాట్లయింది: ఇవే నా సంగతులు. 2019లో మొదలుపెట్టినప్పుడు చదివేవాళ్ళంటే మా ఇంటివాళ్ళు, బ్యాంకులో నాతో పనిచేసేవాళ్ళు, అంతే. నాకు ముందు తరం బ్లాగర్లకు అందరి బ్లాగుల కొత్త రాతలనూ ఒకేచోట చూపించే కూడలి, జల్లెడ, హారం లాంటి సంకలినులు ఉండేవి. టపా, అంటే బ్లాగులో ఒక రాత, వేస్తే అక్కడ తేలేది. తెలుగులో చదివే అలవాటున్నవాళ్ళు అక్కడే తిరిగేవాళ్ళు. నచ్చిన బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్ 2013లో మూతపడింది. ఆ తర్వాత ఫేస్‌బుక్కూ వాట్సాపూ జనాన్ని తమవైపు లాక్కుపోయాయి. ఇక ఎవరి టపాను వాళ్ళే మోసుకెళ్ళి గడప గడపకూ చెప్పుకోవాల్సిన రోజులొచ్చాయి.

డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు నన్ను ఊరుకోనివ్వలేదు. "గింత కష్టపడి రాసి, సప్పుడు చెయ్యకుంట కూసుంటే ఎట్లక్కా? ఎవ్వలికి తెల్వాలె?" అని ఫోన్ చేసినప్పుడల్లా పోరు పెట్టేవాడు.

చెప్పుకోవడం తేలికే. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడమే పెద్ద పని. ఒక్కోచోట ఒక్కో మర్యాద ఉంటుంది. కొన్ని ఫేస్‌బుక్ గ్రూపుల్లో లింకు పెడితే అడ్మిన్ తీసేస్తాడు. అక్కడ విషయమంతా పోస్టులోనే రాసి, లింకు మొదటి కామెంటులో పెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద రాసిన లింకు నొక్కినా తెరుచుకోదు. ఇక జవాబులు. పాకాల చెరువు గురించి టపా వేస్తే, "గణపతిదేవుడి కాలంది అంటున్నారు, ఆధారం చూపించండి" అని ఒకరు, "మా తాతల భూమి అందులోనే మునిగింది" అని ఒకరు, "బోటింగ్ ఉందా మేడమ్" అని ఒకరు. మొదటి ఇద్దరికీ జవాబు రాయకపోతే నాకు నిద్రపట్టదు. మూడో ఆయనకు రాస్తే ఇంకో పదిమంది అదే అడుగుతారు. ఈ లోపల వారం గడిచిపోతుంది, లక్నవరం టపా డ్రాఫ్టులోనే పడి ఉంటుంది.

అందుకని పనిని రెండుగా విడగొట్టాను. వారంలో సాయంత్రాలు రాతకు, ఆదివారం పొద్దున చాటింపుకు. మధ్యలో బుధవారం రాత్రి అరగంట జవాబులకు. ఫోన్‌లోంచి ఫేస్‌బుక్ తీసేశాను. కంప్యూటర్ ముందు కూర్చుంటేనే ఫేస్‌బుక్. ఆదివారం ఏడింటికే ఎందుకంటే, ఇక్కడ జనం టీ తాగుతూ ఫోన్ చూసే వేళ అది. డల్లాస్‌లో అప్పుడు శనివారం రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలోనైతే ఏడున్నర. రెండు చోట్లా సెలవే, రెండు చోట్లా కాస్త తీరికే. శుక్రవారం సాయంత్రం ఇక్కడ వేసిన టపాకు అటువైపు నుంచి వచ్చేవాళ్ళు తక్కువ. వాళ్ళకది పనిరోజు పొద్దుటి పరుగు.

బ్యాంకు బుద్ధి పోదు కదా, ఒక పొడుగాటి రూళ్ళ పుస్తకం తీసి లెడ్జర్ మొదలుపెట్టాను. టపా పేరు, వేసిన తేదీ, ఎక్కడెక్కడ చెప్పాను, ఎవరు మంచి ప్రశ్న అడిగారు, దిద్దాల్సింది ఏమైనా ఉందా. దీనికి కంప్యూటర్లో మంచి మంచి పద్ధతులున్నాయని తెలుసు. కానీ తెర తెరిస్తే పక్కనే ఇంకో కిటికీ తెరవబుద్ధవుతుంది. కాగితంలో ఆ ప్రమాదం లేదు. లెడ్జర్ వల్ల కలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఏ గ్రూపులో చెప్పినదానికి మనుషులు నిజంగా చదివి మాట్లాడుతున్నారో, ఎక్కడ ఉత్త దండం బొమ్మలే వస్తున్నాయో నాలుగు నెలలకు పేజీ మీదే కనిపించింది. దండం బొమ్మల గ్రూపులకు చెప్పడం మానేశాను. అవి పెద్ద గ్రూపులే. ఐనా మానేశాను.

లింకుల సంగతి చెప్పాలి, తెలుగులో రాసేవాళ్ళకు ఇది తప్పని తలనొప్పి. నా బ్లాగు ఉన్న గూగుల్ వాళ్ళ బ్లాగర్‌లో శీర్షిక తెలుగులో పెడితే లింకులో ఆ తెలుగు ఉండదు, "బ్లాగ్ పోస్ట్" అని ఇంగ్లీషులో ఉండి పక్కన ఒక అంకె చేరుతుంది. ఏ లింకు ఏ చెరువుదో రాసిన నాకే తెలియదు. వర్డ్‌ప్రెస్‌లో ఇంకో రకం: లింకులో తెలుగు నిలబడుతుంది గానీ, దాన్ని వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులూ అంకెలూ కలిసి నాలుగైదు వరుసల గజిబిజి అవుతుంది. అది చూసి వైరస్సేమోనని భయపడినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఇప్పుడు టపా వేయకముందే సెట్టింగుల్లో పర్మలింక్ (టపాకు ఉండే శాశ్వత లింకు) దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో చెరువు పేరు రాసుకుంటాను. పాత టపాల లింకులు మాత్రం కదపలేదు. కదిపితే జనం ఇప్పటికే పంచుకున్నవన్నీ చచ్చుబడతాయి.

వాట్సాప్‌లో గ్రూపు పెట్టలేదు, ఒకే సందేశం అందరికీ విడివిడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకున్నాను. ఒక లిస్టులో 256 మందిని చేర్చుకోవచ్చు. అయితే నా నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే సందేశం చేరుతుంది. నాకది మంచి జల్లెడే అయింది. నంబరు సేవ్ చేసుకునే ఓపిక ఉన్నవాళ్ళే చదువుతారు. మెయిల్లో టపాలు అందుకునేవాళ్ళు కొందరుండేవాళ్ళు. వాటిని పంపే గూగుల్ వాళ్ళ ఫీడ్‌బర్నర్ మెయిల్ సేవ 2021లో ఆగిపోయేముందు ఆ పేర్ల చిట్టా దించుకుని పెట్టుకున్నాను. వాళ్ళకు నెలకోసారి నేనే ఉత్తరం రాస్తాను. ఉచిత జీమెయిల్‌లో రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు, నాకు ఆ గీత దాటే బెంగ లేదు.

గూగుల్ సెర్చ్ కన్సోల్ నెలకోసారే తెరుస్తాను. అందులో 16 నెలల వివరాలు నిల్వ ఉంటాయి కాబట్టి రోజూ చూడకపోతే కొంపలేమీ మునగవు. జనం ఏమని వెతికి నా దగ్గరికి వస్తున్నారో అక్కడ తెలుస్తుంది. తెలుగులో చదివేవాళ్ళు కూడా వెతికేది ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే. కాబట్టి టపా వివరణలో చెరువు పేరు ఆ అక్షరాల్లో కూడా ఒకసారి రాస్తున్నాను. అక్కడే ఒక ఆశ కూడా పుడుతుంది. లక్నవరం టపా కనిపించిన వెతుకులాటల్లో ఎక్కువ భాగం వేలాడే వంతెన టైమింగులు, టికెట్టు ధర గురించే. అవి రాస్తే చదివేవాళ్ళు పెరుగుతారు, సందేహం లేదు. కానీ ధరలు మారినప్పుడల్లా దిద్దుతూ కూర్చోవాలి, శాసనాల పని అటకెక్కుతుంది. రాయలేదు.

బ్లాగర్ చూపించే వీక్షణల అంకె మీద నాకు గురి లేదు. ఒకరోజు ఉన్నట్టుండి సింగపూర్ నుంచి వందలకొద్దీ వచ్చినట్టు చూపిస్తుంది. సింగపూర్‌లో అంతమందికి ఒక్కసారిగా ధర్మసాగర్ చెరువు మీద ప్రేమ పుట్టిందంటే నమ్మేదెట్లా? అవి మనుషులు కావు, యంత్రాలు.

నిజమైన మనుషులు వెల్లువలా వచ్చింది ఒక్కసారే. 2021 జులై 25న రామప్ప గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. గుడి శాసనం 1213 నాటిదని అందరూ రాశారు గానీ, పక్కనున్న రామప్ప చెరువు గురించి తెలుగులో వివరంగా రాసినవి తక్కువ. నా పాత టపా ఒకటి ఉంది. ఆ సాయంత్రం కొత్తగా ఏదో రాసి పారేయాలన్న ఉబలాటం వచ్చింది. దానికి బదులు పాత టపానే తెరిచి, పైన రెండు వరుసల పరిచయం చేర్చి, కింద పాకాల, లక్నవరం, ఘనపురం టపాల లింకులు ఇచ్చాను. వచ్చినవాళ్ళు ఒక చెరువు చూసి వెళ్ళిపోకుండా మిగతావి కూడా తిరిగారు.

అన్నిటికన్నా ఎక్కువ ఒంటిని మండించేది "సేకరణ". నేను ఎండలో కట్టంతా నడిచి రాసిన టపా, నా పేరు తీసేసి, చివర "సేకరణ" అని పెట్టుకుని మా అపార్ట్‌మెంటు గ్రూపులోకే తిరిగొస్తుంది. పైగా "చక్కని సమాచారం, తప్పక చదవండి" అని నాకే సలహా. ఇలాంటివి ఎక్కడెక్కడున్నాయో వెతకడం మొదలుపెడితే సాయంత్రాలు సాయంత్రాలే పోతాయి, రక్తపోటు అదనం. ఇప్పుడు నెలాఖరు ఆదివారం ఒక్కటే దానికి. ఫేస్‌బుక్‌లో కనబడితే కాపీరైట్ ఫారం నింపుతాను. వాట్సాప్‌లో ఐతే చేసేదేం లేదు. బదులుగా టపా నడుమ "నేను ఫలానా నెలలో ఈ కట్ట మీద నడిచినప్పుడు" అంటూ బ్లాగు పేరు వాక్యంలో కలిపేస్తాను, ఫొటో మూల మీద పేరు వేస్తాను. కత్తిరించేవాళ్ళకు కాస్తయినా పని పెట్టాలి కదా.

ఏడాది లెక్క చెరువులే నేర్పాయి. ఎండాకాలంలో నీళ్ళు అడుగంటితే తూములు, రాతికట్టు బయటపడతాయి. ఫొటోలు, కొలతలు అప్పుడే. చెరువుల గురించి జనం అడిగేది మాత్రం వానలు పడి మత్తడి దూకినప్పుడు, మళ్ళీ బతుకమ్మ రోజుల్లో. అందుకని వేసవిలో సమకూర్చుకున్నది జులై నుంచి అక్టోబరు దాకా వారానికొకటి వదులుతాను. ఆ నెలల్లో కొత్తగా ఏదీ మొదలుపెట్టను. చలికాలం శాసనాలు చదువుకోవడానికి.

ఈసారి లెడ్జర్‌లో ఘనపురం తూములు, పరకాల వైపు నుంచి ఒక పాఠకుడు పదే పదే అడుగుతున్న ఊరి చెరువు ఉన్నాయి. ఏప్రిల్ మొదట్లోనే పోయి రావాలి. మే ఎండకు కట్ట మీద కెమెరా పట్టుకుని నిలబడటం నా వల్ల కాదు.