435 దగ్గర ఆగిపోయాను

సికింద్రాబాదు సౌత్ లాలాగూడలో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ళ పాత పియానో మాకిచ్చి ఆరేళ్ళయింది. దాన్ని చివరిసారి ఎప్పుడు శ్రుతి చేయించారో వాళ్ళకే గుర్తులేదు. పాప ఒక్కతే వాయించుకున్నంతకాలం గొడవ లేదు. మొన్న దాని ఫ్రెండు కీబోర్డు తెచ్చింది. ఇద్దరూ కలిసి ఒకే పాట ఎత్తుకోగానే వంటింట్లోంచి అమ్మ కేక: "అపశ్రుతి! ఆపండే!"

ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూశా. మధ్యలో ఉండే 'ఏ' (A) అనే మెట్టు 440 హెర్ట్జ్ పలకాలి, మాది 435 పలుకుతోంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం 100 సెంట్లనుకుంటే 20 సెంట్లు తక్కువన్నమాట. మిగతావీ అటూఇటూగా అంతే దిగాయి.

సరే, నేనే చేద్దామని రెంచీ, రబ్బరు ముక్కలు తెప్పించా. మధ్య మెట్లలో ఒక్కోదానికి మూడేసి తీగలు. రెండింటి నోరు రబ్బరుతో నొక్కి, ఒకదాన్ని సరిచేసి, తక్కినవి దానికి కలపాలి. కలవకపోతే ధ్వని "వాం... వాం..." అని ఊగుతుంది. ఒక హెర్ట్జ్ తేడాకి సెకనుకో ఊపు. రెంచీ వెంట్రుకవాసి జరిపితే ఆ ఊపు సాగి సాగి, ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. ఆ క్షణం కోసం ఎంతసేపైనా కూర్చోవచ్చు.

మొదటిరోజు ఎంత బిగించినా ధ్వని మారదే! ఇంకాస్త, ఇంకాస్త. తీరా చూస్తే నేను తిప్పుతున్నది నోరు నొక్కేసిన పక్క తీగ చుట్టిన మేకుని. రబ్బరు తీస్తే అది మెట్టు దాటి పైన కీచుమంటోంది. తెగి మొహాన కొట్టలేదు, అదృష్టం.

భయమేసి లెక్క వేశా. 440కి లేపాలంటే ప్రతి తీగలో బిగువు 2.3 శాతం పెరగాలి. రెండొందల పైచిలుకు తీగల లాగుడంతా కలిపి సుమారు 18 టన్నులు. దాని మీద ఇంకో 400 కిలోలు, అదీ తుప్పు పట్టిన తీగల మీద!

ఆ రాత్రి చదువుతుంటే అదే 435 ఎదురైంది. ధ్వనిలో మెరుపు కోసం ఆర్కెస్ట్రాలు పోటాపోటీగా శ్రుతి పెంచుకుంటూ పోతే గాయకుల గొంతులు పోతున్నాయని, 1859లో ఫ్రాన్స్ ఏకంగా 'ఏ' స్వరాన్ని 435 దగ్గర ఖాయం చేసిందట. అందుకు వేసిన కమిటీలో సంగీతకర్తలు రోసీనీ, బెర్లియోజ్ కూడా ఉన్నారు. లండన్‌వాళ్ళు మాత్రం 452 దాకా ఎక్కారు. ఈ 440 అనేది 1939లో అదే లండన్‌లో కుదిరిన ఒప్పందం.

అమ్మకి చెప్తే, "శ్రుతికి చట్టమేమిట్రా? పాడేటప్పుడు నాది అయిదున్నర శ్రుతి, మీ పెద్దమ్మది అయిదు. ఎవరి గొంతు వాళ్ళది" అంది. నీ శ్రుతిపెట్టెలో ఆ అయిదున్నర ఎక్కడుండాలో చెప్పేది కూడా ఆ 440 లెక్కేనమ్మా అన్నా. ఒప్పుకోలేదు.

పియానోని 435 దగ్గరే ఉంచి, తీగల్ని ఒకదానితో ఒకటి కలిపా. మూడు ఆదివారాలు పట్టింది. నన్ను ఏడిపించింది పంచమం. తంబూరాలోలా శుద్ధంగా ఉంచితే మిగతా మెట్లు కుదరవు. నాలుగు సెకన్లకి మూడు ఊపులు వచ్చేలా, కావాలనే కాస్త చెడగొట్టాలి. చిన్నప్పట్నుంచీ అమ్మ తంబూరా విన్న చెవి, చెయ్యి రానిస్తుందా?

పాప ఫ్రెండు మళ్ళీ వచ్చినప్పుడు దాని కీబోర్డు మెనూలో 440ని 435 చేశా. ఇద్దరూ గంటసేపు వాయించారు, వంటింట్లోంచి కేక రాలేదు. ఆ పిల్ల వెళ్ళేటప్పుడు దాన్ని తిరిగి 440కి మార్చడం మర్చిపోయా. సోమవారం క్లాసులో తిట్లు ఆ పిల్లకి పడ్డాయట.