నాయన .315 రైఫిల్ నా పేరు మీదికి: త్రీ నాట్ త్రీ కాదని ఒప్పించేసరికి

నాయన పోయాక ఆయన తుపాకిని నా పేరు మీదికి మార్పించుకున్నా. లైసెన్సు పుస్తకం చేతికొచ్చింది, రైఫిల్ ఇంటికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారితే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

ముందు తుపాకి సంగతి. సైన్యం వాడి పక్కన పెట్టిన పాత రైఫిళ్ళంటే పిచ్చి ఉన్నవాళ్ళు చిత్తూరు, తిరుపతి వైపు కూడా ఉన్నారు. కానీ అసలు త్రీ నాట్ త్రీ, అంటే .303 రైఫిల్, మనకు మామూలు లైసెన్సు మీద దొరకదు, అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన గొట్టం కొలత. దాని అనుమతి కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది. మనకు మిగిలింది దాని తోబుట్టువు, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్. అదే లీ-ఎన్‌ఫీల్డ్ యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే యంత్రాంగం), అదే బోల్ట్ (చేత్తో వెనక్కీ ముందుకీ లాగే కడ్డీ), దాన్ని మూసేటప్పుడు కాక్ అయ్యే, అంటే పేలడానికి సిద్ధమయ్యే, అదే పద్ధతి. తూటా మాత్రం వేరు. సైన్యం తూటాలు జనం చేతికి పోకూడదని తెల్లదొరలు పౌరులకు .303 ఆపేశారు. ఆ ఖాళీలోకి 8x50 రిమ్డ్ మాన్‌లిచర్ తూటా .315 పేరుతో వచ్చింది. ఇంగ్లండు బీఎస్ఏ కంపెనీ లీ యాక్షన్ మీదే .315 రైఫిళ్ళు చేసి అమ్మింది, స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ అందుకుంది. మా నాయనది ఇషాపూర్ సరుకే.

లైసెన్సుదారు పోతే వారసుడు తుపాకిని ఇంట్లో దాచుకోకూడదు. ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. స్టేషన్లో పెట్టాం. రసీదు రాయించుకునేటప్పుడు రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు భాగం) మీది నంబరు, బోల్ట్ హ్యాండిల్ మీది నంబరు రెండూ అడిగి మరీ రాయించండి. ఎందుకో కింద చెప్తా. జమ చేసేముందు బ్యారెల్ లోపలా బయటా గ్రీజు పట్టించండి. స్టేషన్ గదిలో నూనె రాసేవాళ్ళు ఎవరూ ఉండరు.

తర్వాతవి సులువు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం వారసుల కోసమే ఉంది. ఫారం ఎ-1, తెల్ల బ్యాక్‌గ్రౌండుతో నాలుగు ఫొటోలు, ఆధార్, పుట్టిన తేదీ రుజువు, ఫారం ఎస్-3లో డాక్టరు సర్టిఫికెట్, మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల సర్టిఫికెట్, మిగతా వారసుల నో అబ్జెక్షన్, అఫిడవిట్. మా అమ్మ, చెల్లెలు సంతకాలు పెట్టేశారు. అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఉంటే మాత్రం ఈ నో అబ్జెక్షన్ దగ్గరే బండి ఆగిపోతుంది, ముందు అది తేల్చుకోండి. తుపాకి ఎట్ల పట్టాలో నేర్చుకున్నట్టు ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి, అదీ అయిపోయింది. ఎస్ఐ గారు ఇంటికొచ్చి బీరువా చూసి, ఇరుగుపొరుగుని అడిగి పోయారు. మర్యాదస్తుడు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. పాత లైసెన్సు ఉమ్మడి చిత్తూరు జిల్లాది, మా ఇల్లేమో ఇప్పుడు తిరుపతి జిల్లాలో. చిత్తూరు, తిరుపతి మధ్య 70 కిలోమీటర్లు. ఫైలు కంటే మనం ముందు ప్రయాణం చేస్తాం, అంతకుమించి దాని గురించి రాయను.

ఇప్పుడు అసలు రోత.

పాత పుస్తకంలో బోర్ దగ్గర చేత్తో ".315" అని శుభ్రంగా ఉంది. అదే లైసెన్సును ఎన్‌డాల్ అనే జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరో ".303" నొక్కేశారు. కాగితం మీద ఒకటి, కంప్యూటర్లో ఒకటి. ఏ ఆఫీసో, ఎవరో పేరు రాయను. అక్కడున్న పెద్దమనిషి స్క్రీన్ చూసి, తర్వాత రైఫిల్ ఫొటో చూసి, వెనక క్యూ అంతా వినేట్టు అడిగాడు: "ఇది పోలీసోళ్ళ త్రీ నాట్ త్రీ గదా, మీ నాయనకెట్లొచ్చె? మీది అడివి పక్కన ఊరా?" శేషాచలం పక్కన ఉండేవాళ్ళకు ఆ ప్రశ్న అర్థమేందో తెలుసు. ఎర్రచందనం వాళ్ళల్లో కలిపేశాడు మమ్మల్ని. కాణిపాకంలో ప్రమాణం చేస్తానన్నా నమ్మేట్టు లేడు.

ఫొటో చూసి అనుమానం రావడం తప్పు కాదు, చూడ్డానికి ఒకే వంశం. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న గానీ త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పలేదు. కాబట్టి ఆ ఆకారం చూడగానే ఖాకీయే గుర్తొస్తుంది. కానీ చట్టం ఆకారాన్ని చూడమనలేదు. నియమాల షెడ్యూల్ అడిగేది ఒకటే: .303 లేదా 7.62 సర్వీసు తూటా ఆ ఛాంబర్లో (తూటా కూర్చునే చోట) పట్టి పేలుతుందా? పట్టదు. ఎందుకు పట్టదో లెక్కతో చెప్పాలి.

0.303 అంగుళం అంటే 7.7 మిల్లీమీటర్లు, 0.315 అంటే 8. ఇది బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్ళ మధ్య ఉండే గట్ల నుంచి గట్లకు కొలత. .303 తూటా ఖోళం (ఇత్తడి గొట్టం) పొడవు 56 మి.మీ. పైన, .315 ది 50 చిల్లర. ఇంకా ముఖ్యమైంది, .315 ఛాంబర్ మెడ దగ్గర ముందే సన్నబడుతుంది. .303 ఖోళం అక్కడికి ఇంకా లావుగానే ఉంటుంది కాబట్టి ఇరుక్కుంటుంది, బోల్ట్ మూతపడదు. దీన్ని నిరూపించడానికి ఎవరూ .303 తూటా తెచ్చి పెట్టి చూడొద్దు, ఆ తూటా చేతిలో ఉండటమే నేరం. కొలతలు చాలు.

నోటితో వాదిస్తే లాభం లేదు. పనిచేసింది ఇది. బ్యారెల్ మీది బోర్ ముద్ర, ఫ్యాక్టరీ ముద్ర, నంబరు దగ్గరగా ఫొటోలు తీయండి. నాయన కొన్న డీలరు బిల్లు, పాత పుస్తకంలో తూటాలు కొన్న ఎంట్రీలు జెరాక్స్ తీయండి. మా పుస్తకంలో ఏళ్ళ తరబడి .315 తూటాలే ఉన్నాయి, త్రీ నాట్ త్రీ ఉన్నవాడు అవెందుకు కొంటాడు? తర్వాత కలెక్టర్ గారి పేరిట, పోలీసుల తుపాకులు చూసుకునే ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆర్మరర్‌తో రైఫిల్‌ను పరీక్ష చేయించి, రికార్డులో బోర్ సరిదిద్దించండి అని అర్జీ. తపాలు సెక్షన్లో ఇచ్చి కాపీ మీద నంబరు, స్టాంపు వేయించుకోండి. సీటు దగ్గర చేతికిస్తే ఆ కాగితం ఫైల్లో ఉండదు. సోమవారం గ్రీవెన్స్‌లో అదే కాపీ మళ్ళీ పెట్టండి.

ఆర్మరర్ బోల్ట్ తీశాడు, వెలుతురుకు పట్టి చూశాడు, కొలిచే వెర్నియర్ పెట్టాడు, ముద్ర చదివాడు, నాలుగు వాక్యాలు రాశాడు. తుపాకి తెలిసినవాడికి అదెంత పని! ఆ నాలుగు వాక్యాల ముందు అంతకుముందు వినిపించిన జ్ఞానమంతా గాలికిపోయింది. "డబ్బులిస్తే నేను చేయిస్తా" అని బయట టీ బంకు దగ్గర తిరిగేవాళ్ళుంటారు. వాళ్ళకు ఇచ్చే డబ్బుతో రెండేళ్ళు గన్ ఆయిల్ కొనుక్కోవచ్చు.

రైఫిల్ విడిపించుకునేటప్పుడు ముందు చూడాల్సింది రిసీవర్ నంబరు, బోల్ట్ నంబరు ఒకటేనా అని. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకులన్నీ ఒకే గదిలో పడతాయి, బోల్ట్‌లు మారిపోయే ప్రమాదం ఉంది. లీ యాక్షన్‌లో వేరే రైఫిల్ బోల్ట్ దూరుతుంది, మూతపడుతుంది, అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ తూటా అడుగుకూ మధ్య సందు) తప్పి ఖోళం వెనక భాగం తెగిపోవచ్చు. నంబరు కలవకపోతే సంతకం పెట్టొద్దు.

తుప్పు పైపైనే ఉంటే సన్నటి స్టీల్ ఊల్, నూనె చాలు. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఉక్కు మీది పూత అయిన బ్లూయింగ్‌తో పాటు ముద్రలూ పోతాయి, మళ్ళీ త్రీ నాట్ త్రీ గొడవ మొదలు. కొయ్యకు పచ్చి అవిసె నూనె పలచగా, చేత్తో రుద్ది, మిగిలింది తుడిచేయాలి. వెనక కొయ్య మరను ముందు తిప్పేవాళ్ళుంటారు. ఈ వంశపు తుపాకుల్లో ముందు కొయ్య విప్పాకే వెనక కొయ్య తిప్పాలి, లేకపోతే ముందుది చీలుతుంది. ఊరి వడ్రంగి ఎంత నేర్పరైనా ఈ పని ఇవ్వకండి.

కాల్చడానికి అనుమతి ఉన్న రేంజి తప్ప ఇంకో చోటు లేదు. మామిడితోపులో గానీ, పెళ్ళి ఊరేగింపులో గానీ జనం ప్రాణాలకు ముప్పయ్యేట్టు పేల్చారో, 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కాల్చేముందు బ్యారెల్లో గ్రీజు చుక్క లేకుండా చిందీ గుడ్డతో లాగేయండి. మేగజైన్‌లో తూటాలు పెట్టేటప్పుడు పై తూటా రిమ్ము (అడుగు అంచు) కింది దాని రిమ్ముకు ముందుండాలి. వెనకుంటే రెండూ కొక్కెం పడి బోల్ట్ మధ్యలో ఆగిపోతుంది, అది రైఫిల్ తప్పు కాదు. ట్రిగ్గరు రెండు దశలు. మొదటిది ఖాళీగా వస్తుంది, గోడలా తగిలినచోట ఆపి, ఊపిరి బిగబట్టి మెల్లగా నొక్కండి. ఇత్తడి ఖోళం ఎగిరిపడే ఆ చప్పుడు కోసమే కదా ఇంత తిరిగింది.

పాత లాటు తూటాలైతే ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) ఉప్పు మిగులుస్తుందనే అనుకోండి. ఒట్టి నూనె ఆ ఉప్పును కరిగించదు. అదే రోజు ఛాంబర్ వైపు నుంచి మరిగే నీళ్ళు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె. మరుసటి రోజు ఇంకోసారి చిందీ లాగి చూడండి, గుడ్డకు ఎర్రటి మరక తగిలితే మళ్ళీ నీళ్ళ నుంచి మొదలుపెట్టాలి.