ముప్పై ఏళ్ల అలసట

డాలస్‌లో ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను. ఈ రోజు ఒక పెద్దాయన వచ్చారు, 1991 గల్ఫ్ యుద్ధంలో పనిచేసిన సైనికుడు. రిపోర్టులన్నీ నార్మలే. కానీ కీళ్ల నొప్పులు, మతిమరుపు, ఎంత పడుకున్నా తీరని అలసట. ఫ్లోర్ క్లీనర్ వాసనకే తల పట్టుకుంటే గబగబా కిటికీ తెరిచాను. "అంతా నీ మనసులోనే ఉంది అన్నారు, ఏళ్ల తరబడి" అని చెబుతూ చొక్కా గుండీ మీద చెయ్యి అలాగే ఆపేశారు. ఏం చేస్తున్నారో మర్చిపోయారు. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది.

మనసులోది కాదండీ ఇది, "గల్ఫ్ వార్ ఇల్‌నెస్" అనే జబ్బు. ఆ యుద్ధానికి వెళ్లిన దాదాపు 7 లక్షల మంది అమెరికన్ సైనికుల్లో కనీసం నాలుగో వంతు మందిది ఇదే బాధ. నర్వ్ గ్యాస్ (నరాలను దెబ్బతీసే విషవాయువు) నుంచి కాపాడతాయని మింగించిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలు, పురుగుమందులు కారణమని 2008లోనే నిపుణుల కమిటీ చెప్పింది. 2022లో మా ఊరి యూటీ సౌత్‌వెస్టర్న్ మెడికల్ సెంటర్ పరిశోధకులు సారిన్ అనే నర్వ్ గ్యాస్ పాత్రకి జన్యుపరమైన ఆధారం చూపించారు.

మరి మందు? పూర్తిగా నయం చేసేది ఇంకా లేదు. ఈ జబ్బున్న 1,092 మంది మాజీ సైనికుల మీద వ్యాయామం, కౌన్సెలింగ్ పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. కొద్దిపాటి మేలే కనిపించింది. ఆ కొద్దిపాటి కూడా నాకు చిన్నదిగా అనిపించడం లేదు. ఎక్కువ చేయిస్తే మర్నాడు మంచం దిగలేరు కాబట్టి 5 నిమిషాల నడకతో మొదలుపెట్టాం.

వెళ్లేటప్పుడు, "నువ్వు నన్ను నమ్మావు" అన్నారు. గురువారం మళ్లీ వస్తారు. ఆ రోజు గదిలో క్లీనర్ వాడొద్దని ఇప్పుడే చెప్పి వచ్చాను.